రెండు ఆఫర్లు.. ఒక్క సంతకం

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ పిల్లల ముఖాలు చూస్తే చాలు, ప్లేస్‌మెంట్ సెల్‌లో ఏం నడుస్తోందో తెలిసిపోతుంది. ఉదయం ఆన్‌లైన్ టెస్టు, సాయంత్రానికి షార్ట్‌లిస్టు, మర్నాడు మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు, రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పేర్లు. కొద్దిమందికి మాత్రం ఈ హడావుడి ముగిశాకే అసలు గాభరా మొదలవుతుంది. మెయిల్‌లో రెండు పీడీఎఫ్‌లు వచ్చి ఉంటాయి. ఒకటి ఊళ్లో కిరాణా కొట్టాయనకు కూడా పేరు తెలిసిన అమెరికా కంపెనీది. రెండోది మాదాపూర్‌లోనో, బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో నలభై మంది పనిచేసే స్టార్టప్‌ది. సంతకం పెట్టడానికి గడువు మూడు రోజులో, మహా అయితే వారమో.

ఇంట్లో అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘‘అంత పెద్ద కంపెనీ పిలుస్తుంటే పేరు తెలియని దాంట్లో ఎందుకు తల్లీ?’’ హాస్టల్లో అడిగితే సరిగ్గా దానికి ఎదురు మాట. ‘‘అక్కడ వేల మందిలో ఒకడివి మామా. స్టార్టప్‌లో అయితే రెండేళ్లకే లీడ్ అయిపోతావు.’’ రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ ఆ మాటలన్న వాళ్లెవరూ ఆ రెండు పీడీఎఫ్‌లను ఆసాంతం చదివి ఉండరు.

కంపెనీ పెద్దదా, చిన్నదా అన్నది తర్వాత తేల్చుకోవాల్సిన సంగతి. ముందు తేలాల్సినవి రెండున్నాయి. జీతం ఆగిపోతే మన ఇల్లు ఎన్ని నెలలు తట్టుకుంటుంది? చేరిన మొదటి ఏడాది మన పనిని దిద్దే మనిషి ఎవరు? ఈ రెండింటికీ నిజాయతీగా జవాబు చెప్పుకొంటే, ఎక్కడ సంతకం పెట్టాలో చాలావరకు తేలిపోతుంది.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. రెండు మంచి ఆఫర్ల మధ్య ఊగిసలాడే భాగ్యం అందరికీ రాదు. మన కాలేజీల్లో ఎక్కువమందికి వచ్చేది మూడున్నర లక్షల దరిదాపుల్లో ఒకే ఒక్క సర్వీసు కంపెనీ ఆఫర్, అదీ ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా. అయితే ఆఫర్ లెటర్‌ను ఎలా చదవాలో, కంపెనీ మంచిచెడ్డలు ఎలా ఆరా తీయాలో తెలిస్తే అది వాళ్లకూ అక్కరకొస్తుంది.

సైబర్ టవర్స్ నుంచి టీ-హబ్ దాకా

తెలుగు ఇళ్లలో పెద్ద కంపెనీ మీద గురి ఊరికే ఏర్పడలేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. 2004లో గూగుల్ వచ్చింది. 2019లో నానక్‌రామ్‌గూడ వైపు అమెజాన్ తెరిచిన భవనంలో పదిహేను వేల మంది కూర్చుని పనిచేయొచ్చు. అప్పటికి ప్రపంచంలో ఆ సంస్థ సొంత భవనాలన్నింటిలో అదే పెద్దది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. పాతికేళ్లలో ఎన్నో కుటుంబాలు పొలం గట్టు మీది నుంచి, చిన్నపాటి గుమస్తా ఉద్యోగం నుంచి గచ్చిబౌలి ఫ్లాటుకు వచ్చింది ఈ దారినే. అది కళ్లారా చూసిన తల్లిదండ్రులు పిల్లలకూ ఆ దారే చూపిస్తే తప్పు పట్టలేం.

రెండో దారి ఆలస్యంగా పడింది. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో, స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. 2015లోనే హైదరాబాద్‌లో పుట్టిన డార్విన్‌బాక్స్ 2022 జనవరికి యూనికార్న్ అయింది, అంటే దాని విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. ఇస్రోలో పనిచేసి వచ్చిన ఇద్దరు ఇంజినీర్లు 2018లో పెట్టిన స్కైరూట్, నాలుగేళ్లకే, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి పంపిన తొలి రాకెట్ అది. డిగ్రీ చేతికొచ్చిన కొత్తలోనే అలాంటి పనిలో చెయ్యి పెట్టే వీలు ఇప్పటి పిల్లల అన్నలకూ, అక్కలకూ లేదు.

కుదురు ఎక్కడుంది?

పెద్ద కంపెనీలో చేరితే ఉద్యోగానికి ఢోకా లేదన్న నమ్మకానికి 2022 చివర్లో గట్టి దెబ్బ తగిలింది. ఆ నవంబరు 9న మెటా 11 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2023 జనవరి 18న మైక్రోసాఫ్ట్ 10 వేల మంది అంది. రెండు రోజులకు గూగుల్ 12 వేల మంది అంది. అమెజాన్ జనవరిలో 18 వేలు, మార్చిలో మరో 9 వేలు. మైక్రోసాఫ్ట్, గూగుల్, మెటా మూడూ అప్పటికి లాభాల్లోనే ఉన్నాయి. అంటే కంపెనీ బాగున్నంత మాత్రాన మన కుర్చీ భద్రమని లేదు. 2025 అక్టోబరులో అమెజాన్ మరో 14 వేల కార్పొరేట్ ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు చెప్పింది.

స్టార్టప్‌ల వైపు చూస్తే 2016 గుర్తొస్తుంది. ఆ ఏడాది ఫ్లిప్‌కార్ట్ క్యాంపస్‌లలో తీసుకున్న పిల్లల చేరికను జూన్ నుంచి డిసెంబరుకు వాయిదా వేసింది. ఆఫర్లు ఇచ్చి వెనక్కి తీసుకున్న, చేర్చుకోకుండా నాన్చిన 31 కంపెనీలను ఐఐటీలు ఆగస్టులో ప్లేస్‌మెంట్ల నుంచి నిషేధించాయి. వాటిలో ఎక్కువ స్టార్టప్‌లే. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఆ లోపు ఉద్యోగులు నెలల తరబడి జీతాల కోసం ఎదురుచూశారు.

రెండు చోట్లా ఉద్యోగం పోవచ్చు. పోయే తీరులోనే తేడా. పెద్ద కంపెనీ తీసేస్తే సాధారణంగా కొన్ని నెలల జీతం చేతిలో పెడుతుంది, రెజ్యూమేలో ఆ పేరు మిగులుతుంది. స్టార్టప్ మూతపడితే ఆఖరి రెండు మూడు నెలల జీతం, పీఎఫ్ కూడా ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఈ తేడాకు విలువ కట్టాలి. ఆ విలువ అందరికీ ఒకటే కాదు. సొంత ఇల్లుండి, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలు చేస్తున్న పిల్లకు అది చిన్న విషయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివి, చెల్లి చదువు భారం కూడా మోయాల్సిన పిల్లవాడికి అదే అన్నింటికన్నా పెద్ద విషయం.

28 లక్షలు నెలకు ఎంత?

కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో ప్యాకేజీ అంకె ఉంటుంది. తండ్రి దాన్ని పన్నెండుతో భాగిస్తాడు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

ఆఫర్‌లో మొత్తం 28 లక్షలు అని ఉందనుకుందాం. లోపలికి వెళ్తే: ఫిక్స్‌డ్ 15 లక్షలు, జాయినింగ్ బోనస్ 3 లక్షలు, పనితీరును బట్టి ఇచ్చే బోనస్ లక్షన్నర దాకా, కంపెనీ షేర్లు ఎనిమిదిన్నర లక్షలవి. షేర్లు నాలుగేళ్లలో విడతలుగా వచ్చేవే అయినా, మొత్తం విలువను మొదటి ఏడాది ఖాతాలోనే రాసి చూపిస్తారు. ఫిక్స్‌డ్ 15 లక్షలూ చేతికి రావు. బేసిక్ ఏడున్నర లక్షలైతే, యాజమాన్యం వాటా పీఎఫ్ 12 శాతం అంటే 90 వేలు, గ్రాట్యుటీ కింద 36 వేలు అందులోంచే పోతాయి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే దక్కుతుంది; రెండేళ్లకు కంపెనీ మారేవాళ్లకు ఆ 36 వేలు కాగితం మీద అంకె మాత్రమే. మన వాటా పీఎఫ్ ఇంకో 90 వేలు. కొత్త పన్ను విధానంలో ఆదాయపు పన్ను దాదాపు 78 వేలు. ఇవన్నీ తీసేస్తే, పూర్తి ఏడాది లెక్కలో నెలకు చేతికొచ్చేది లక్షకు అటూ ఇటూ. 28ని పన్నెండుతో భాగిస్తే వచ్చేది రెండు లక్షల ముప్పై మూడు వేలు. రెండింటికీ మధ్య ఉన్న దూరం చూసుకున్నాకే కారు ఈఎంఐ సంగతి ఆలోచించాలి.

జాయినింగ్ బోనస్ చేతికి వస్తుంది, నిజమే. కానీ ఏడాదిలోపో, రెండేళ్లలోపో మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పన్ను కోసుకుని ఇచ్చిన బోనస్‌ను, తిరిగి అడిగేటప్పుడు పూర్తి మొత్తం అడుగుతారా, చేతికొచ్చినంతేనా అన్నది ముందే మెయిల్‌లో రాయించుకోండి. బాండ్ల విషయంలోనూ అంతే. ‘‘కోర్టులో బాండ్లు చెల్లవులే అన్నా’’ అనే మాట క్యాంపస్‌లలో బాగా తిరుగుతుంది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందని దానర్థం కాదు గానీ, చదవకుండా సంతకం పెట్టేంత తేలిక వ్యవహారం కాదు.

షేర్లు, ఆప్షన్లు

పెద్ద కంపెనీలు ఇచ్చేవి ఆర్‌ఎస్‌యూలు. స్టాక్ మార్కెట్లో రోజూ ధర పలికే షేర్లు ఇవి, చేతికి రాగానే అమ్ముకోవచ్చు. ఎన్ని విడతల్లో వస్తాయన్నదే చూసుకోవాలి. అమెజాన్ చాలాకాలంగా పాటించిన పద్ధతిలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, మూడు నాలుగేళ్లలో నలభై చొప్పున వస్తాయి. ఎనిమిదిన్నర లక్షల్లో 5 శాతం అంటే నలభై రెండున్నర వేలు. షేర్లు చేతికొచ్చిన రోజు ధర మీద జీతంతో సమానంగా పన్ను పడుతుంది. అమెరికా కంపెనీ షేర్లున్న వాళ్లు ఐటీఆర్-1 వేయడానికి వీల్లేదు. ఐటీఆర్-2 వేసి, షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ షేర్లను చూపించాలి. కొత్తగా చేరినవాళ్లు తరచూ పొరపడేది ఇక్కడే.

స్టార్టప్‌లు ఇచ్చేవి ఈసాప్స్. ఇవి షేర్లు కావు, ముందుగా అనుకున్న ధరకు షేర్లు కొనుక్కునే హక్కు. మన చట్టం ప్రకారం ఇచ్చిన ఏడాది దాకా ఒక్కటీ మనది కాదు. ‘20 లక్షల విలువైన ఈసాప్స్’ అని రాసి ఉంటే నాలుగు సంగతులు అడగాలి: ఎన్ని ఆప్షన్లు, కంపెనీ మొత్తం షేర్లు ఎన్ని, ఒక్కో ఆప్షన్‌కు మనం కట్టాల్సిన ధర ఎంత, ఉద్యోగం మానేస్తే కొనుక్కోవడానికి ఎన్ని రోజులు గడువు. పదివేల ఆప్షన్లు అంటే చాలా ఉన్నట్టు వినిపిస్తుంది. కంపెనీకి మొత్తం రెండు కోట్ల షేర్లుంటే అది 0.05 శాతం. ఆ కంపెనీ 400 కోట్లకు అమ్ముడైతే, మీ వాటా 20 లక్షలు. కానీ పెట్టుబడిదారులు తమ డబ్బు ముందు తీసుకునే హక్కు రాయించుకుంటారు. వాళ్లు 250 కోట్లు పెట్టిన కంపెనీ 200 కోట్లకు అమ్ముడైతే ఉద్యోగి ఆప్షన్లకు మిగిలేది సున్నా.

పన్ను విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఆప్షన్‌ను షేరుగా మార్చుకున్న రోజు దాని విలువకూ, మనం కట్టిన ధరకూ మధ్య తేడాను జీతంగా లెక్కేస్తారు. షేరు ఇంకా అమ్మలేదు, కొనేవాడూ లేడు, అయినా పన్ను మాత్రం నగదులో కట్టాలి. ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న అర్హత గల స్టార్టప్‌ల ఉద్యోగులకు 2020 బడ్జెట్ కొంత ఊరట ఇచ్చింది: షేర్లు అమ్మేదాకా, లేదా ఉద్యోగం మానేదాకా, లేదా సుమారు ఐదేళ్ల దాకా, ఏది ముందైతే అప్పటికి పన్ను వాయిదా వేసుకోవచ్చు. మీ స్టార్టప్ ఆ కోవలోకి వస్తుందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిందే. చాలా స్టార్టప్‌లు రావు.

అదృష్టం కలిసొచ్చిన కథలూ ఉన్నాయి. శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి, రాహుల్ జైమినీ 2014లో మొదలుపెట్టిన స్విగ్గీ 2024 నవంబరు 13న మార్కెట్లోకి వచ్చింది. 390 రూపాయలకు ఇచ్చిన షేరు 420 దగ్గర మొదలైంది. ఏళ్ల తరబడి పనిచేసిన ఎంతోమంది ఉద్యోగులు ఆ ఒక్క రోజుతో ఇళ్లు కొనుక్కునే స్థితికి వచ్చారు. మరికొన్ని నెలలకే ఆ షేరు 390కి దిగువకు పడింది. ఫోన్‌పే తన నుంచి విడిపోయాక, 2023లో ఫ్లిప్‌కార్ట్ తన ఆప్షన్లున్న వాళ్లకు 70 కోట్ల డాలర్లు పంచింది. రెండోవైపు కథ కూడా వినాలి. అమెరికాలో వంద కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టిన గుడ్ టెక్నాలజీని 2015లో బ్లాక్‌బెర్రీ 42.5 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, ఉద్యోగుల చేతిలోని షేరుకు దక్కింది 44 సెంట్లు. అంతకుముందు ఎక్కువ విలువ మీద పన్ను కట్టేసిన వాళ్లు కట్టిన పన్నంత కూడా రాబట్టుకోలేకపోయారు. అందుకే నా సలహా: రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ఈసాప్స్ విలువను సున్నా వేసుకోండి. సున్నా వేసినా స్టార్టప్ ఆఫర్ నచ్చితే అది నిజంగా నచ్చినట్టు.

నీ కోడ్ ఎవరు చూస్తారు?

డబ్బు సంగతి పక్కన పెడితే, మొదటి ఉద్యోగం నాలుగేళ్ల కాలేజీ నేర్పనిది నేర్పాలి. క్యాంపస్‌లో రాసిన ప్రోగ్రాం ఒక్కసారి నడిస్తే మార్కులు వస్తాయి. ఆఫీసులో రాసింది మూడేళ్ల తర్వాత ఇంకొకరు తెరిచి, అర్థం చేసుకుని, మార్చగలగాలి. ఈ రెండింటి మధ్య దూరాన్ని పుస్తకాలు దాటించలేవు. పక్కన కూర్చుని ‘‘ఇది ఎందుకిలా రాశావు?’’ అని అడిగే మనిషి కావాలి.

పెద్ద కంపెనీల్లో ఈ పని ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. గూగుల్‌లో కొత్తవాళ్లు రాసిన కోడ్ ఇంకొకరు చదివి ఒప్పుకోనిదే లోపలికి వెళ్లదు. ఆ కోడ్ రాసిన ప్రోగ్రామింగ్ భాషలో ‘రీడబిలిటీ’ గుర్తింపు పొందినవాళ్లు కూడా సరేననాలి. అమెజాన్‌లో ఏదైనా పెద్ద పొరపాటు జరిగితే ‘సీఓఈ’ అని ఒక పత్రం రాస్తారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఆ ‘ఎందుకు’కు మళ్లీ ఎందుకు అని ఐదు మెట్లు దిగి కారణం పట్టుకుంటారు. మనిషిని నిందించకుండా వ్యవస్థలో లోపం వెతకడం అందులో నేర్పే విద్య. కోట్ల మంది వాడుతున్న సర్వీసును ఆపకుండా మార్చడం, మార్చింది చెడితే నిమిషాల్లో వెనక్కి తీసుకోవడం, ఇవి ఆ స్థాయిలో పనిచేస్తే తప్ప ఒంటబట్టవు.

లోటూ ఉంది. గూగుల్ లోపల వాడే బోర్గ్, పైపర్, బ్లేజ్ బయట ఎక్కడా ఉండవు. బోర్గ్ అనుభవం నుంచి కుబర్నెటిస్, బ్లేజ్ నుంచి బేజెల్ బయటికొచ్చాయి గానీ, లోపలి పనిముట్లతోనే మూడేళ్లు గడిపిన ఇంజినీరు బయటికొచ్చాక చిన్న సర్వర్ ఒకటి తానే నిలబెట్టడానికి తడబడతాడు. పైగా ఏ టీమ్‌లో పడతామన్నది ఫ్రెషర్ చేతుల్లో ఉండదు. ఉత్సాహంగా చేరిన అమ్మాయి ఏడాదంతా పాత డ్యాష్‌బోర్డులో రంగులు మారుస్తూ, రెండు వరుసల మార్పుకు ముగ్గురి అనుమతి కోసం మూడు రోజులు ఆగుతూ ఉండిపోవచ్చు.

స్టార్టప్‌లో ఆ ఆగడం ఉండదు. సోమవారం కస్టమర్ ఫోన్ చేసి తిడతాడు, మంగళవారం దాన్ని సరిచేస్తారు, బుధవారం అదే కస్టమర్ వాడుతుంటాడు. మీరు రాసిన బటన్ ఎందుకు ఉందో, దాన్ని ఎవరు నొక్కుతారో, దానివల్ల డబ్బు ఎలా వస్తుందో తెలుస్తుంది. డేటాబేస్ మీదే, సర్వర్ మీదే, రాత్రి రెండింటికి అది పడిపోతే లేచేదీ మీరే. సరైన సీనియర్ పక్కన ఉంటే ఏడాదిలో నేర్చుకునేది మరోచోట మూడేళ్లకు రాదు. సీనియర్ లేకపోతే తప్పులనే పద్ధతులనుకుని అలవాటు చేసుకుంటారు. ఇంజినీర్లంతా పాతికేళ్ల లోపు వాళ్లే ఉన్న స్టార్టప్‌లో మొదటి ఉద్యోగం చేయొద్దని నేను గట్టిగా చెప్తాను.

ఏఐ వచ్చాక ఈ విషయం ఇంకా ముఖ్యమైంది. చిన్న బగ్ సరిచేయడం, టెస్టులు రాయడం లాంటివి ఒకప్పుడు ఫ్రెషర్లకు అక్షరాభ్యాసం. ఇప్పుడు వాటిని కోడింగ్ అసిస్టెంట్ నిమిషంలో రాసిపెడుతోంది. రాసింది సరైనదో కాదో చెప్పగల కన్ను కావాలి. ఆ కన్ను అనుభవజ్ఞుల దగ్గర ఏళ్ల తరబడి దిద్దించుకుంటేనే వస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూ ఆఖర్న ‘‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’’ అన్నప్పుడు, వర్క్ కల్చర్ గురించి మర్యాద ప్రశ్నలు వదిలేసి, ‘‘నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు సర్? వారికి ఎన్నేళ్ల అనుభవం? గత ఏడాది చేరిన ఫ్రెషర్ ఇప్పుడు ఏం చేస్తున్నారు?’’ అని అడగండి. తర్వాత లింక్డిన్‌లో ఆ ఫ్రెషర్‌ని పట్టుకుని ‘‘అక్కా, మీ టీమ్‌లో మొదటి మూడు నెలలు ఎలా గడిచాయి?’’ అని రాయండి. చాలామంది జవాబిస్తారు.

వంద రూపాయల ఆరా

స్టార్టప్ ఆరోగ్యం తెలుసుకోవడానికి లోపలి మనుషులు తెలిసి ఉండనక్కర్లేదు. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఒక పేజీ ఉంది, లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారో, ఎంతమందికి కట్టారో వరసగా కనిపిస్తుంది. పీఎఫ్ మర్నెల 15లోగా కట్టాలి. వరసగా నాలుగు నెలలు ఆలస్యంగా కట్టి ఉంటే జీతాలకూ తడుముకుంటున్నారని అనుమానించాలి. మార్చిలో 62 మందికి కట్టిన కంపెనీ ఆగస్టులో 38 మందికి కట్టి ఉంటే, ‘‘మేం వేగంగా పెరుగుతున్నాం’’ అన్న హెచ్‌ఆర్ మాటను ఆ అంకె పక్కన పెట్టి చూడాలి. ఇరవై మందికి తక్కువున్న సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి, మరీ చిన్నవాటి విషయంలో ఈ ఆరా పనిచేయదు.

కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కడితే ఏ కంపెనీ దాఖలు చేసిన పత్రాలైనా చూడొచ్చు. బ్యాలెన్స్ షీట్‌లో చేతిలో ఉన్న నగదు, ఏడాది నష్టం చూడండి. 12 కోట్ల నగదు ఉండి, నెలకు కోటి పోతుంటే ఏడాదికి అయిపోతుంది. ఆ పత్రాలు ఏడాదో, ఇంకా ఎక్కువో పాతవై ఉంటాయి గనక, ఫౌండర్‌నే సూటిగా అడగండి: ‘‘ఇప్పుడున్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది సర్?’’ మంచి ఫౌండర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. పన్నెండు నెలలకు తక్కువని చెప్తే, తర్వాతి పెట్టుబడి ఏ దశలో ఉందో కూడా అడగాలి. ఆడపిల్లలు ఇంకో సంగతి అడగాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో కంపెనీ చెప్పలేకపోతే, ఆ కంపెనీ మిగతా విషయాల్లోనూ అంతే శ్రద్ధగా ఉంటుందనుకోవాలి.

అమెరికాలో ఉన్నవాళ్ల లెక్క వేరు

ఎమ్మెస్ పూర్తిచేసి డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లలకు ఈ ఎంపికలో వీసా కూడా ఒక పక్షం. చదువయ్యాక పనిచేసే అనుమతి, అంటే ఓపీటీ, ఏడాది; సైన్సు, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ చదువుకు ఇంకో రెండేళ్లు. ఆ రెండేళ్లు దక్కాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక పత్రం మీద సంతకం పెట్టాలి. చిన్న స్టార్టప్‌లలో కొన్నింటికి ఈ సంగతే తెలియదు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు, పొడిగింపుతో కలిపి 150 రోజులు. స్టార్టప్ మూతపడితే ఆ రోజుల లెక్క మొదలవుతుంది. అందువల్ల అక్కడ ఆఫర్ తీసుకునేముందు ‘ఇంతకుముందు ఎవరికైనా హెచ్-1బీ వేశారా’ అన్నది జీతం కన్నా ముందు అడగాలి.

హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేరితే అమెరికా తలుపు తెరుచుకుంటుందన్న ఆశ కూడా చాలామందిలో ఉంది. అదే కంపెనీ అమెరికా ఆఫీసుకు ఎల్-1 మీద వెళ్లాలంటే కనీసం ఏడాది ఇక్కడ పనిచేసి ఉండాలి. అమెరికా బయట ఉన్నవాళ్లకు కొత్తగా వేసే హెచ్-1బీ మీద 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఆ ఆశను నమ్ముకుని నచ్చని ఉద్యోగంలో చేరడం సరికాదు.

నేనైతే

ఏడున్నర లక్షల విద్యారుణం, పది శాతం వడ్డీ, పదేళ్ల గడువైతే నెల కిస్తీ పదివేలకు కాస్త తక్కువ. ఇంట్లో ఆ కిస్తీ కట్టగలిగే ఇంకో సంపాదన లేనప్పుడు నేను పెద్ద కంపెనీనే తీసుకోమంటాను. అందులో చిన్నతనం ఏమీ లేదు. ‘‘రిస్కు తీసుకోకపోతే ఎదగవు’’ అని వేదికలెక్కి చెప్పేవాళ్లు, ఆ రిస్కు తిరగబడితే ఆ ఇంట్లో ఎవరి మందులు ఆగుతాయో చెప్పరు. ఇరవై ఒక్కేళ్లకే ఇంటి బరువు ఎత్తుకున్న పిల్లలకు ధైర్యం గురించి ఇంకొకరు పాఠం చెప్పనక్కర్లేదు. రెండేళ్లలో అప్పు తీర్చి, ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో పెట్టుకుని, అప్పుడు స్టార్టప్ వైపు చూడండి. పెద్ద పేరు రెజ్యూమేలో ఉంటే స్టార్టప్ ఇంటర్వ్యూ దొరకడం తేలిక. పేరు తెలియని చోటి నుంచి పెద్ద కంపెనీకి వెళ్లడానికి అంతకన్నా ఎక్కువ చెమటోడ్చాలి.

అప్పు లేదు, ఇల్లు మీ జీతం కోసం ఎదురుచూడటం లేదు, ఇంటర్వ్యూలో మీతో రెండు గంటలు కూర్చుని ఒక సమస్యను విడదీసిన సీనియర్ ఇంజినీరు ఆ స్టార్టప్‌లో ఉన్నారు, కంపెనీ దగ్గర ఏడాదిన్నరకు సరిపడా డబ్బుంది. ఇవన్నీ కలిసొస్తే ఏడాదికి నాలుగైదు లక్షల తేడా ఉన్నా స్టార్టప్‌లోనే చేరండి. తల్లిదండ్రులతో వాదించడం కన్నా ఈపీఎఫ్‌ఓ పేజీ, బ్యాలెన్స్ షీట్ తెరిచి పక్కన కూర్చోబెట్టుకుని చూపించడం మేలు. ‘‘నాన్నా, వీళ్లు మూడేళ్లుగా ఒక్క నెలా పీఎఫ్ ఆపలేదు, చూడండి’’ అంటే, లెక్కలు రాసుకుని బతికిన మనిషికి అది అర్థమయ్యే భాష.

ఇక వదులుకునే ఆఫర్ సంగతి. చాలామంది రెండింటికీ సరేనని, చేరే రోజు దాకా ఒకటి దాచిపెట్టుకుంటారు. కొన్ని క్యాంపస్‌లలో ‘ఒకరికి ఒకే ఉద్యోగం’ నిబంధన ఉంది, అక్కడది శిక్షకు దారితీస్తుంది. నిబంధన లేని చోట కూడా నిర్ణయమైన రోజే మెయిల్ పెట్టేయాలి. డిసెంబరులో ఖాళీ అయిన సీటుకు వెయిటింగ్ లిస్టులో ఉన్న క్లాస్‌మేట్‌ను పిలుస్తారు. జూన్‌లో ఖాళీ అయితే ఆ సీటు రద్దవడమే ఎక్కువ. మెయిల్ పెద్దది అక్కర్లేదు: ఆఫర్ ఇచ్చినందుకు కృతజ్ఞతలు, చేరలేకపోతున్నాను, ఇంకొకరికి అవకాశం ఇవ్వగలరు. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన ఇంజినీరుకు విడిగా రెండు వాక్యాలు రాయండి. రెండేళ్ల తర్వాత మారాలనుకున్నప్పుడు మొదట ఫోన్ చేయాల్సింది ఆ మనిషికే.